తడి కట్టె

“పంతులుగారూ, గ్యాసు మీద వండితే మా అత్తగారు తింటారంటారా?”

అడిగింది నింపురా రైల్వే క్వార్టర్లో ఒక కోడలు. మర్నాడు ఆవిడ అత్తగారి సంవత్సరీకం. శ్రావణమాసం, ఎడతెగని ముసురు. వెనక వసారాలో ఇటుకలు పేర్చి పొయ్యి సిద్ధం చేశారు. అడితీ నుంచి తెచ్చిన కట్టెలు గోనెపట్టా కప్పినా నానిపోయి ఉన్నాయి. సోంపేట నుంచి వచ్చిన పెద్దత్తగారు మడివంట కట్టెల మీదే జరగాలని తేల్చేసింది. కోడలికి ఆయాసం. పీల్చే మందు బొడ్లో దోపుకుని పనులు చేసుకుంటోంది.

“తింటారమ్మా” అన్నాను.

“దానికి ప్రమాణం ఏవిటి బాబూ?” అంది పెద్దత్తగారు గుమ్మంలోంచి.

న్యాయమైన ప్రశ్నే. పంతులు నోటిమాట ప్రమాణం కాదు. మర్నాడు వంట గ్యాసు మీదే అయింది, భోక్తలు గారెలు మారు వడ్డించుకుని మరీ తిన్నారు. కాని ఆవిడ అడిగినదానికి జవాబు వసారాలో నిలబడి చెప్పేది కాదు.

నేను పూర్తికాలపు పంతుల్ని కాను. ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో, స్మిత్ షాపు హాజరు లెక్కలు రాసి రిటైరయినవాణ్ణి. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని జంక్షన్ చేసి వర్క్‌షాప్ కట్టాక, శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి మనవాళ్ళు రైలెక్కి వచ్చారు. కలాసీలు, ఫిట్టర్లు, గుమస్తాలు వచ్చారు. వాళ్ళకి పెళ్ళిళ్ళూ తద్దినాలూ చేయించేవాళ్ళు కావాలి గనక, రైల్వే గుమస్తాగా వచ్చిన మా నాన్నగారు సాయంత్రాలు పౌరోహిత్యం చేశారు. రెండు పనులూ నాకు వచ్చాయి.

నా చిన్నప్పుడు ఈ ఊళ్ళో సాయంత్రమైందని గడియారం చూడకుండా చెప్పగలిగేవాళ్ళం. వీధి పొడుగునా గుమ్మాల ముందు కుంపట్లు రాజేసేవారు. పాత బకెట్టుకి అడుగున కన్నం కోసి, లోపల మట్టి మెత్తి, మధ్యలో ఇనప చువ్వలు పరిస్తే కుంపటి. పక్కింటి బెంగాలీలు ఉనున్ అనేవారు. కింద పిడక ముక్కలు, వాటిమీద చితుకులు, ఓ చుక్క కిరసనాయిలు, పైన రాతిబొగ్గు. నెలాఖరుకి బొగ్గు కొనలేకపోతే గుల్. అంటే బొగ్గుపొడిలో బంకమన్ను కలిపి ఉండలు చేసి ఎండబెట్టినవి. ఆవిరి ఇంజన్లు దులిపేసిన బూడిదలోంచి సగం కాలిన బొగ్గు ఏరి తట్టలకెత్తుకుని అమ్మే ఆడవాళ్ళుండేవారు. ఒకసారి కాలింది గనక దానికి పొగ తక్కువ. మా అమ్మ వాళ్ళకోసం గుమ్మంలో కాపు కాసేది.

వీధిలో రాజేసి, పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాకే కుంపటి లోపలికి తేవాలని లెక్క. వానొచ్చినా, నాన్నగారికి రాత్రి డ్యూటీ పడినా ఆ లెక్క తప్పేది. అయినా ఎర్రబడ్డ నిప్పు మాత్రం మంచిదేం కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. తలుపులు మూసిన చలికాలపు వంటింట్లో అమ్మకి తలనొప్పి ఎందుకొచ్చేదో మాకెవరికీ తెలీదు. దిష్టి తీసేవారు.

సరిగ్గా ఆ వేళకే నాన్నగారు వరండాలో నాకు తర్కసంగ్రహం చెప్పేవారు. దాన్ని రాసిన అన్నంభట్టు పదిహేడో శతాబ్దపు మన ఆంధ్రుడు. అనుమానం, అంటే కనబడేదాన్ని బట్టి కనబడనిదాన్ని తెలుసుకోవడం, ఎలాగో అందులో పాఠం. కొండమీద నిప్పుంది. నీకెలా తెలుసు? పొగ కనిపిస్తోంది గనక. పొగ ఉన్నచోట నిప్పుంటుందని ఏమిటి నమ్మకం? దానికి దృష్టాంతం కావాలి, ఇద్దరూ ఒప్పుకునేది, ఎవరూ కాదనలేనిది. ఆ దృష్టాంతం వంటిల్లు.

“వంటిల్లు” అనేసరికి లోపల్నించి అమ్మ దగ్గు వినబడేది. నాన్నగారు ఆగేవారు. దగ్గు తగ్గాక పాఠం సాగేది.

వెయ్యేళ్ళకు పైగా మన తార్కికులు ఆ వంటింటిని వాడుకున్నారు. బౌద్ధులతో వాదించేటప్పుడూ అదే. మిథిలలో అదే, నవద్వీపంలో అదే. ఆ వంటింట్లో వాళ్ళకి పొగ కనబడింది, నిప్పు కనబడింది. వాటి ముందు గొంతుక్కూచుని గొట్టంతో ఊదుతున్న మనిషి ఏ వ్యాఖ్యానంలోనూ నాకు తగల్లేదు. నేను చదివింది తక్కువే కావచ్చు. చదివినంతలో లేదు.

అయితే ఆ పాఠం అక్కడితో ఆగదు. పెద్దత్తగారికి ప్రమాణం నాకు దొరికింది దాని రెండో సగంలోనే. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, సరే. తిరగేసి నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనవచ్చా? అనకూడదంటారు. ఎర్రగా కాల్చిన ఇనపగుండు చూడు, నిప్పుంది, పొగ లేదు. మరి పొగ దేనివల్ల? తడి కట్టె తగలడం వల్ల. దాన్ని ఉపాధి అన్నారు. అది నిప్పు స్వభావం కాదు, పక్కనుంచి వచ్చి చేరిన షరతు. షరతు తీసేస్తే పొగ పోతుంది, నిప్పు ఉంటుంది.

ఉద్యోగంలో చేరాక స్మిత్ షాపులో ఆ గుండుని రోజూ చూశాను. కొలిమిలోంచి పట్టకారుతో తీసి సుత్తి కింద పెట్టిన ఇనప దిమ్మ నారింజరంగులో వెలిగేది. అంత వేడికీ దానిమీద పొగ పోచ కూడా లేదు. మా షాపులో దెబ్బ తినని చెవి లేదు, కాలని చెయ్యి లేదు, కాని ఆ దిమ్మ ముందు నిలబడ్డవాడు దగ్గడం నేను చూడలేదు. ఇంటికొస్తే అమ్మ దగ్గేది.

కాబట్టి కట్టెలు లేనిదే అగ్ని లేదనడం తర్కానికి నిలవదు. అగ్నిని ఆవాహన చేసేటప్పుడు మనం పిలిచేది దేవతని. ఇంధనాన్ని కాదు. ఇంకా పాతదానికి పోతే, ఆపస్తంబుడు చెప్పిన గృహ్యాగ్ని పెళ్ళినాటి హోమంలోంచి తెచ్చి ఆరకుండా కాపాడుకోవలసినది. ఆరితే మళ్ళీ మథించాలి, లేదా శ్రోత్రియుడి ఇంటినుంచి తెచ్చుకోవాలి, ఆలుమగల్లో ఒకరు ఉపవాసం ఉండాలి. అది ఎన్ని ఇళ్ళలో ఉందిప్పుడు? అగ్గిపుల్లతో వెలిగించిన కట్టెకి లేని దోషం అదే అగ్గిపుల్లతో వెలిగించిన గ్యాసుకి ఎక్కణ్ణించి వచ్చింది?

దీనికి ఎదురు ప్రమాణం ఉంది, అది గట్టిది. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో, దోషమున్నా సరే సహజమైన కర్మని వదలొద్దని చెబుతూ కృష్ణుడు ఇదే పోలిక తెస్తాడు. నిప్పుకి పొగలాగే ప్రతి ప్రయత్నానికీ ఏదో దోషం కమ్ముకునే ఉంటుందంటాడు. మా బంధువుల్లో వేదాంతం వచ్చినవాళ్ళు మా అమ్మకి ఇది వినిపించేవారు, ఆవిడ పెట్టిన కాఫీ తాగుతూ. ఆవిడ తలూపేది.

ఈ శ్లోకం మీద నాకున్న గౌరవం తక్కువది కాదు. కాని అక్కడ మాట్లాడుతున్నది యుద్ధం మానేసి పోతానన్న వీరుడితో. విల్లు కిందపెట్టి నడిచిపోయే దారి అతనికి తెరిచే ఉంది. ఆ మాట తీసుకొచ్చి, వంటింట్లోంచి కదలడానికి దారే లేని మనిషికి చెప్పడం వేరే పని. పైగా పొగ కమ్మిన నిప్పు అనేది లోకంలో అందరూ చూసినదని తెచ్చిన దృష్టాంతం. దృష్టాంతం సిద్ధాంతం కాదు. కర్మకి దోషం తప్పదన్నది నిజమే కావచ్చు. ఫలానా ఈ దోషం తప్పదా అన్నది మాత్రం విడిగా తేల్చుకోవలసిందే. తార్కికులు తేల్చారు, తప్పుతుందని.

మనుధర్మశాస్త్రాన్ని తిట్టడం ఇప్పుడు తేలిక, అందులో తిట్టవలసినవి ఉన్నాయి కూడా. దాని మూడో అధ్యాయంలో నన్ను వదలని మాటొకటుంది. ప్రతి గృహస్థు ఇంట్లోనూ ఐదు వధ్యస్థానాలుంటాయట: పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళకుండ. వాటివల్ల చీమలూ పురుగులూ చస్తాయి, ఆ పాపం గృహస్థుకి తగులుతుంది. అది పోవడానికే రోజూ పంచమహాయజ్ఞాలు పెట్టారు: వేదం చెప్పడం, పితృతర్పణం, హోమం, భూతబలి, అతిథిపూజ. తెలిసి చెయ్యని హింసకి కూడా లెక్క చెప్పాలన్న ఈ ఊహ చాలా పెద్దది. అన్నం తినడమంటే ఎవరికో బాకీ పడడమని ఒప్పుకున్నారు. జాబితాలో మొదటి పేరు పొయ్యిదే. దానికింద పడి నలిగే చీమ వాళ్ళ కంటబడింది.

ఆ ఐదూ ఉండేవి ఆడవాళ్ళ చేతుల్లో. పాపం గృహస్థు ఖాతాలో, పరిహారమూ అతని చేతి మీదే. పొయ్యి దగ్గర నలిగేవాటిలో ఆ పొయ్యి రాజేసేది కూడా ఉందని ఎవరూ రాసుకోలేదు. నాలుగో అధ్యాయంలో మరో నియమం: నిప్పుని నోటితో ఊదకూడదు. అగ్నికి ఎంగిలి తగలకూడదని జాగ్రత్త. అందుకే హోమం చేయించేటప్పుడు నేను విసనకర్ర వాడతాను. ఊదేవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి అగ్ని పోకూడదన్న జాగ్రత్త ఆ నియమం పక్కన లేదు.

ఆ జాగ్రత్త 1950లలో ఢిల్లీలో ఒక స్త్రీ రాసింది. డాక్టర్ ఎస్. పద్మావతి, రంగూన్‌లో పుట్టి, యుద్ధకాలంలో బర్మా వదిలి వచ్చిన గుండె వైద్యురాలు. ఊపిరితిత్తులు చెడి, ఆ భారానికి గుండె కుడిభాగం దెబ్బతినే జబ్బు ఆవిడ దగ్గరకి వచ్చే ఆడవాళ్ళలో మగవాళ్ళకేమీ తీసిపోకుండా ఉంది, పైగా వాళ్ళకి చిన్న వయసులోనే వస్తోంది. చూస్తే ఆ ఆడవాళ్ళలో చాలామంది చుట్టా బీడీ తాగేవాళ్ళు కాదు. మరి పొగ ఎక్కడిది? పిడకలూ కట్టెలూ కాలే, గాలి ఆడని వంటిళ్ళది. మా నాన్నగారి పాఠాన్ని ఆవిడ అటునుంచి నడిపింది: జబ్బుని చూసి పొగని పట్టుకుంది, పొగని పట్టుకుని వంటింటికి చేరింది. ఈసారి వంటింట్లో మనిషి ఉంది. 103 ఏళ్ళు బతికి 2020లో కోవిడ్‌తో పోయారు ఆవిడ. నేను తర్కసంగ్రహం చెబితే, వంటిల్లు దృష్టాంతం దగ్గర ఆవిడ పేరు చెబుతాను. చెప్పించుకునే కుర్రాళ్ళు ఇప్పుడు లేరనుకోండి.

తర్వాత 1980ల మొదట్లో కిర్క్ స్మిత్ అనే అమెరికన్, మన శాస్త్రవేత్తలతో కలిసి గుజరాత్ పల్లెల్లో వంటచేసే ఆడవాళ్ళకి చిన్న పరికరాలు తగిలించి వాళ్ళు పీల్చే గాలిని కొలిచాడు. ఇవాళ ఆ లెక్కలు ప్రపంచానికంతటికీ ఉన్నాయి. ఇంటి పొగవల్ల 2020లో 32 లక్షలమంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ఐదేళ్ళలోపు పిల్లలు రెండు లక్షల పైమాటే, అమ్మ వీపున ఉండి పీల్చినవాళ్ళు. ఆ పొగ తెచ్చేవి ఊపిరితిత్తుల జబ్బు, గుండెపోటు, పక్షవాతం, కంటిశుక్లం. ఇళ్ళలో కాల్చే రాతిబొగ్గు పొగ క్యాన్సర్ తెస్తుందని రూఢి అయిన వాటిలో చేర్చారు. మా వీధిలో అందరూ పీల్చింది అదే.

తపస్సు అని ఒక మాటుంది దీన్ని కప్పడానికి. ఆడవాళ్ళ ఓర్పు తపస్సని హరికథల్లో విన్నాను, నేనూ పెళ్ళిళ్ళలో ఆ ధోరణిలో ఉపన్యాసాలు విని చప్పట్లు కొట్టినవాణ్ణే. చుట్టూ నాలుగు మంటలు, నెత్తిన సూర్యుడు పెట్టుకుని పార్వతి పంచాగ్ని మధ్య తపస్సు చేసింది. తల్లి వద్దన్నా వినకుండా తనే వెళ్ళి కూచుంది. శివుడు కావాలని తనే కోరుకుంది. కావలిస్తే ఇంటికి పోవచ్చు. ఆ మూడూ లేనిచోట తపస్సు అనడం మనకి హాయిగా ఉంటుంది గాని, అది కూచున్నవాళ్ళ తరఫున మనం చేసుకున్న సంకల్పం. ఒకరి సంకల్పం మరొకరు చెబితే చెల్లదని సంకల్పాలు చెప్పించే మాకు బాగా తెలుసు.

ఊరు దాటితే ఈ దారిలేనితనం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఝార్‌గ్రామ్ వైపు సాల్ అడవుల్లో చలికాలం చివర ఆకు రాలగానే ఆడవాళ్ళు చీపుళ్ళతో అడవి ఊడ్చి ఎండాకు మోపులు కట్టుకొస్తారు. ఉత్తరంగా పోతే అరాబారి. 1972 ప్రాంతంలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి, కాపలా కాసే పల్లెవాళ్ళకే కలప ఆదాయంలో నాలుగోవంతు ఇస్తామని ఒప్పించి చచ్చిపోతున్న సాల్ అడవిని బతికించిన చోటు. అడవి ఎవరివల్ల పోతోందో వాళ్ళచేతే కాపాడించడం దేశమంతా పాఠమైంది. ఆ అడవి చితుకులు ఎవరి కళ్ళముందు కాలుతున్నాయన్నది పాఠంలో లేదు. ఎండాకు భగ్గున మండి వెంటనే ఆరుతుంది, పొయ్యి దగ్గర్నించి లేవడానికి ఉండదు.

గ్యాసు వచ్చింది కదా అంటారు. వచ్చింది. ఉమ్మడి ఆంధ్రలో 1999లో దీపం పథకం, దేశమంతటికీ 2016 మే 1న బలియాలో మొదలైన ఉజ్వల. కేశియారీ దారిలో ఒక పల్లెలో సత్యనారాయణ వ్రతానికి వెళితే, ఆ ఇంటావిడ ఎర్ర సిలిండరుకి గుడ్డ తొడుగు కుట్టి పెట్టుకుంది. వాడుతున్నావా అమ్మా అంటే నవ్వింది. చుట్టాలొస్తే టీకి, రాత్రివేళ పసివాడి పాలకి వాడుతుందట. అన్నం, గొడ్లకి కుడితి, ఉప్పుడుబియ్యానికి వడ్లు ఉడకబెట్టడం పొయ్యిమీదే. 14.2 కిలోల సిలిండరు మళ్ళీ నింపించాలంటే ఒక్కసారే చేతిలో డబ్బుండాలి. ఆకు ఊడ్చుకొస్తే డబ్బక్కర్లేదు, ఒళ్ళుంటే చాలు. గ్యాసు వచ్చి పొయ్యిని తీసెయ్యలేదు, పక్కన కూచుంది. తడి కట్టె వెనక ఇంకో ఉపాధి ఉందని అన్నంభట్టుకి తెలియాల్సిన అవసరం లేకపోయింది.

పెద్దత్తగారి పట్టుదల మొదట నాకు మూర్ఖత్వంగా కనిపించింది. ఆవిడ ఉద్దానం మనిషి. కొబ్బరి మట్టలు, జీడికంపలు, సరుగుడు పుల్లలు, ఇవి పెట్టి ముగ్గురు మరుదులకి, వాళ్ళ పిల్లలకి వండిపెట్టి, ఆ ఇంట్లో పోయినవాళ్ళందరి తద్దినాలకీ మడికట్టుకుంది. రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకుంది. గ్యాసు మీద వండినా పితృదేవతలు తింటారని నేను తేలిగ్గా అనేశాను. మరి ఆవిడ అన్నేళ్ళు మింగిన పొగ దేనికి? ఆవిడ అడిగిన ప్రమాణం దానికి. కట్టెల వంటే వాళ్ళకి ప్రీతి అయితే ఆవిడ జీవితానికి ఒక అర్థం ఉంది. కాకపోతే ఎవరూ ఆవిడకి క్షమాపణ కూడా చెప్పలేదు.

మర్నాడు భోక్తలు లేచాక ఆవిడ దగ్గర కూచుని నాకు తోచింది చెప్పాను. పితృదేవతలకి చేరింది శ్రద్ధ, నీ వంట, నీ ఉపవాసం. అవి పూర్తిగా చేరాయి. పొగ వాళ్ళు అడగలేదు, వాళ్ళకి వెళ్ళలేదు, అది మేం నీకు పెట్టిన బాకీ. మొదటిది నిజం కావడానికి రెండోది ఉండక్కర్లేదు. ఆవిడ చాలాసేపు విని, “అయితే ఇకమీదట కూడా ఆ పిల్లకి గ్యాసే పెట్టండి” అంది. నా వాదం నచ్చిందో, కోడలి ఆయాసం చూసి జాలిపడిందో అడగలేదు.

ఇదంతా ఇంటికొచ్చి మా ఆవిడకి కాస్త గర్వంగానే చెప్పాను. మేం ఈమధ్య కరెంటు పొయ్యి, ఇండక్షన్‌ది, కొన్నాం. ఆవిడ దానిమీద పప్పు దించుతూ, “మీ ఇనపగుండుకి పొగ లేదంటారు, సరే. దాన్ని ఎర్రగా కాల్చిందేవిటండీ?” అంది.

కొలిమి. స్మిత్ షాపు కొలిమి పొగ గొట్టంలోంచి పోయి ఊరిమీద పడేది. హౌరా లోకల్లో వెళ్ళేటప్పుడు మెచేదా దగ్గర కనబడే పెద్ద పొగగొట్టాలు కోలాఘాట్ థర్మల్ కేంద్రానివి, 210 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లుగా కట్టినది. అక్కడ కాలేది బొగ్గు. మా ఇంటి తడి కట్టె అలాంటి చోటుకి మారింది. చుట్టుపక్కల పూలతోటలవాళ్ళు బూడిద పడుతోందని మొరపెట్టుకున్నారు.

నాన్నగారుంటే దీన్ని అనవస్థ అనేవారు. ఒక ఇంధనం వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి, ఎక్కడా ఆగని వాదం, కాబట్టి దోషం. నేనలా అనుకోను. పొగగొట్టానికి ఎత్తుంటుంది, కొలిచే యంత్రం ఉంటుంది, పిటిషన్ పెట్టడానికి ఒక చిరునామా ఉంటుంది. మా అమ్మ కుంపటికి ఈ మూడూ లేవు. అందుకని ఇక్కడికి ఇది మెరుగు అంటాను. పూలతోటవాడు మీ తార్కికుల వంటింట్లో కొత్త మనిషి కాడా, అతన్నెవరు రాసుకున్నారు అంటుంది మా ఆవిడ. ఇంకా తెగలేదు.